గాలిని పట్టుకున్న చెయ్యి

మా అమ్మను గడప మీద నిలబెట్టి వారం రోజులయింది. మీరు పత్రిక మూసేసి మీ పనుల్లో పడ్డారు. ఆమె మాత్రం, పాపం, అక్కడే ఉంది. కోదాడలో ఒక ఫంక్షన్ హాలు, దాని మొదటి అంతస్తులో భోజనాల గది, ఆ గడప. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో ఫ్రీ బస్సు కోసం కండక్టరుకు చూపించిన ఆధార్ కార్డు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నా పేరు అనూష. మాది మాడుగులపల్లి దగ్గర తండా. కోదాడలో కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తున్నానని ఏడాదిగా ఇంట్లో చెబుతున్నాను. అది అబద్ధం. నేను చిన్నపిల్లలకు ఆట నేర్పుతాను. ఆట అంటే సినిమా పాటకు స్టెప్పులు కాదు. మబ్బు ఎలా కదులుతుంది, పాలు ఎలా పొంగుతాయి, మోకాళ్లు పట్టేసిన నానమ్మ మంచం మీంచి ఎలా లేస్తుంది, ఇవన్నీ ఒంటితో చెప్పించడం. దీన్ని క్రియేటివ్ మూవ్‌మెంట్ అంటారని నా సర్టిఫికెట్ మీద ఉంది. కోదాడలో మాత్రం దీని పేరు 'ఆ పిల్లలు దొర్లే క్లాసు'. ఎవరో తల్లి వీడియో తీసి స్టేటస్ పెట్టుకుంది. అది ఊళ్లు తిరిగి మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే మా తమ్ముడు నరేందర్ ఫోనులో తేలింది. వాడు, వాడి నోట్లో మన్నుబడ, అమ్మకు చూపించాడు. అమ్మ బస్సెక్కింది.

"గిదేనా నీ ఆఫీసు?" అంది అమ్మ.

పదిమంది పిల్లలు నేలమీద మబ్బులై మెల్లగా దొర్లుతున్నవాళ్లు ఆగి చూశారు. వీరేందర్ అని ఒకడున్నాడు, ఐదేళ్లవాడు, వాడి నోరు వాడికంటే ముందు పుట్టింది.

"టీచర్, ఈ అమ్మమ్మ కూడా మబ్బేనా?"

"అవును నాన్నా, ఉరిమే మబ్బు" అన్నాను. ఏం చేయను, నా నోరూ అలాంటిదే.

అమ్మ నవ్వలేదు. ఆమె పేరు సాలి. యాభై ఏళ్లుంటాయి. నుదుటి మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. ఒకప్పుడు మోచేతి పైదాకా తెల్లగాజులు వేసుకునేది. అవి తీసేసి ఎన్నేళ్లయినా ఆ ఒత్తుడు మచ్చలు పోలేదు.

"లోపటికి రా యాడీ" అన్నాను. మా మాటలో అమ్మను అలాగే పిలుస్తాం.

"నేను రాను. నువ్వే బయటికి రా. బ్యాగు తీస్కో. ఐదు గొట్టంగ హుజూర్‌నగర్ బస్సున్నదట. పోదాం."

"ఎక్కడికి?"

"ఇంటికి. ఇగ కోదాడ బంద్."

మా ఇంట్లో ఆట అన్న మాట ఎందుకు పలకకూడదో చెప్పాలి. నేను హాస్టల్లో చదివే రోజుల్లో ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని తండా ఆడవాళ్లందరినీ డీసీఎం లారీ ఎక్కించి, మునగాల దాటాక హైవే పక్కన ఎండలో నిలబెట్టారు. అద్దాల రవికెలు, నెత్తిన బరువైన ముసుగులు, చేతినిండా గాజులు. కారు వస్తుంది, వస్తుంది అంటూ పొద్దున నుంచి ఆడించారు. మధ్యాహ్నం మూడింటికి కార్లు వచ్చాయి. ఆగలేదు. అద్దం కూడా దించలేదు. అమ్మ ఇంటికొచ్చి ఆ బట్టలు పెట్టెలో పెట్టి చీర కట్టుకుంది. ఇప్పటిదాకా ఆ పెట్టె తీయలేదు.

"మన ఇంటి ఆడిపిల్ల ఇంకొకల ముంగట ఆడొద్దన్న. అన్ననా, లేదా?"

"అన్నవ్."

"మరి?"

"ఇక్కడ ముంగట ఎవరున్నరు యాడీ? జర సూడు. కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టేసిన. కూసొని సూసేటోళ్లు ఎవ్వరూ లేరు. అందరం ఆడేటోళ్లమే."

అమ్మ చూసింది. గోడ వెంబడి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీల దొంతరలు నా నెత్తిని మించి ఉన్నాయి. మిగతా గదంతా ఖాళీ. ఊరంతా ఆషాఢం ఎప్పుడు పోతుందా అని చూస్తే నేను ఎప్పుడొస్తుందా అని చూస్తాను. పెళ్లిళ్లు ఉండవు, హాలు నాది. మిగతా నెలల్లో ముహూర్తం లేని రోజులు ఏరుకుంటాను. ఎంత కడిగినా ఆ బండల్లోంచి పాత సాంబారు వాసన వస్తూనే ఉంటుంది. కిటికీలకు నీలం అద్దాలు వేయించాడు ఓనరు. సాయంత్రం నాలుగు దాటాక ఎండ వాటిలోంచి దిగి బండల మీద పరుచుకుంటుంది, అప్పుడు పిల్లలు నీళ్ల అడుగున తిరుగుతున్నట్టు ఉంటారు. రోజూ ఆ వేళకు నాకు నేనెవరో, ఎక్కడున్నానో కాసేపు గుర్తుండదు. ఈ గది పోతే నాకు ఇంకేమీ లేదు. నిజంగానే లేదు.

అందుకే తొందరపడ్డాను.

"అర్ధగంట కూసో. మొత్తం సూడు. అప్పుడు కూడా బంద్ చెయ్యమంటే చేస్త. నీ తోడు."

మా ఇంట్లో తల్లి తోడు అంటే వెనక్కి తీసుకునే మాట కాదు. అమ్మ చెప్పులు గడప బయట పెట్టి, ఆధార్ కార్డు రవికెలో దోపుకొని, ఒక కుర్చీ కిందికి దించి కూర్చుంది. నా క్లాసులో కుర్చీ వేసుకుని చూసిన మొదటి మనిషి ఆమే.

"ఇవాళ మీ ఇంట్లో ఏది కదిలింది?" అని పిల్లల్ని అడిగాను. రోజూ మొదలు ఇదే.

ఒకరు ఫ్యాను అన్నారు. ఒకరు కుక్కర్ మీద విజిల్ అన్నారు. వీరేందర్ వాళ్ల తాత మెడ అన్నాడు, టీవీ ముందు నిద్రపోతూ మెడ ఎలా వాలుతుందో, ఎవరైనా రిమోట్ ముట్టుకుంటే ఎలా లేస్తుందో చేసి చూపించాడు. అందరం కాసేపు ఆ తాత మెడలమయ్యాం. తర్వాత పాలు పొంగించాం. పిల్లలు గొంతుక్కూర్చొని, మెల్లగా లేస్తూ, ఒక్కసారిగా ఎగిరి దూకారు.

"పాలు గట్ల పొంగయి" అంది అమ్మ కుర్చీలోంచి. "ముందుగాల అంచు పొంటి లేస్తయ్. నడుమ ఆఖరుకు."

పిల్లలు ఆమె చెప్పినట్టు చుట్టూ అంచుల్లో ముందు లేచి, నడుమనున్నవాళ్లు చివరికి లేచారు. ఎంత బాగుందో చెప్పలేను. సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు. అమ్మ కొంగుతో మూతి కప్పుకుంది, నవ్వినప్పుడు అలా చేస్తుంది. గెలిచాననే అనుకున్నాను. పిచ్చిదాన్ని.

పిల్లలు పదిమంది అన్నాను గానీ లెక్కకు పదకొండు. పదకొండోది లహరి. ఆరేళ్లది, కోదాడ పక్క చిలుకూరు పిల్ల. వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. అమ్మమ్మ నాంచారమ్మ రోజూ ఆటోలో తెచ్చి దించి, కూరగాయల మార్కెట్‌కు వెళ్లి, ఐదింటికి వచ్చి తీసుకెళ్తుంది. రెండు నెలలుగా ఆ పిల్ల రెండు కుర్చీల దొంతరల మధ్య సందులో కూర్చుని అందరి కాళ్లూ చూస్తుంది. లేవదు, మాట్లాడదు. తల్లి ఇక్కడే ప్రైవేటు దవాఖానలో నర్సు. మనిషిని చూడలేదు, ఒకసారి ఫోనులో మాట్లాడాను. "జర దాన్ని అట్లనే ఉండనియ్యండి మేడం, దానికి బుద్ధిపుట్టిన్నాడు అదే లేస్తది" అంది. ఆ గొంతు నాకు నచ్చింది. నా క్లాసులో ఉన్న ఒకే ఒక్క నియమం కూడా అదే, ఎవరినీ చెయ్యి పట్టి లాగకూడదు.

చివరి పది నిమిషాలు మా సొంత ఆట. పాట పెట్టను. పిల్లలు ఇద్దరిద్దరుగా నిలబడతారు. ఒక చెయ్యి పక్కవాళ్ల మెడ చుట్టూ వేసి, తల వాళ్ల భుజానికి ఆనించాలి. రెండో చెయ్యి అవతలి పక్కకు చాపి, అక్కడ ఇంకెవరో ఉన్నట్టు గాలి చుట్టూ వేయాలి. అలా ఊగుతూ మెల్లగా తిరగాలి. దీనికి నేను పెట్టిన పేరు 'గాలిని పట్టుకోవడం'. దీనికోసమే నా క్లాసుకు పంపే తల్లులున్నారు. పిల్లలు ఇంటికొచ్చి ఇది చేస్తూ చేస్తూ నిద్రపోతున్నారట.

ఇది నాకు ఎక్కడిదంటే, అమ్మ దగ్గరిది. నాకు ఆరేళ్లప్పుడు మాడుగులపల్లిలో బస్సు కోసం నిలబడ్డాం. రేకు పెట్టె మా నాన్న కాశీరాం నెత్తిన ఉంది. నన్ను మిర్యాలగూడ హాస్టల్లో వేస్తున్నారు. అప్పుడు అమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఒక చేత్తో నా మెడ చుట్టుకుంది. రెండో చేత్తో గాలిని చుట్టుకుంది. ఏదో పాడుతూ ఊగింది. నేనూ ఊగాను. దుమ్ము, ఎండ, అమ్మ ముసుగు మీది అద్దాల్లోంచి నా గౌను మీద పడే చిన్న చిన్న వెలుగులు. అమ్మ నాతో ఆడిన ఒకే ఒక్క ఆట అది. హాస్టల్లో ఎన్నో సాయంత్రాలు దిండుతో అదే ఆడుకున్నాను. నేను ఆటల టీచర్ అయింది దానివల్లే.

కాబట్టి ఆ రోజు కావాలనే అమ్మకు ఎదురుగా నిలబడి చేయించాను. ఆమె ఆటే ఆమెకు తిరిగి ఇస్తున్నాననుకున్నాను. ఐదు జంటలు నీలం వెలుగులో ఊగుతున్నాయి. బయట సన్నగా తుంపర మొదలైంది. ఐదు జంటలకు పది ఖాళీ చేతులు, ఒక్కొక్కటి తనంత గాలిని పొదివి పట్టుకుంది.

అమ్మ లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"ఆపు" అంది. గట్టిగా అనలేదు. "ఆపుమంటున్న గదా. పసిపోరగాండ్లతోటి గిది చేపిస్తున్నవా? ఎవలు నేర్పిండ్రు నీకు గిది?"

"నువ్వే నేర్పినవ్."

"నేనా?"

"బస్సుకాడ. నన్ను హాస్టల్ల వేసిన్నాడు."

అమ్మ ముఖంలో రంగు పోయింది. ఇంతసేపు పిల్లల ముందు తెలుగులో మాట్లాడిన మనిషి మా మాటలోకి దిగింది. మీకోసం తెలుగులోనే రాస్తాను.

"అది ఆట కాదు. ఢావ్లో."

ఈ మాట నాకు తెలుసు. వస్తువును మాత్రం ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. మా తండాల్లో పెళ్లికూతురికి ఏడుపు నేర్పుతారు. నవ్వకండి, నిజమే. అత్తారింటికి పోయే ముందు ఒక్కొక్కరినీ మెడ చుట్టుకొని, ఊగుతూ, ఏడుపునే పాటగా పాడాలి. తల్లికో పాట, అన్నకో పాట. ముసలమ్మలు వారాల ముందు నుంచి కూర్చోబెట్టి నేర్పుతారు, చెయ్యి ఎక్కడ వేయాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో కూడా. నేను హాస్టల్లో పెరిగాను. ఏ పెళ్లికైనా భోజనాల వేళకు వెళ్లి ఫొటోలు దిగి వచ్చిన బాపతు. ఇప్పటి పెళ్లిళ్లలో ఎటూ డీజేనే. నా తండాది నాకే తెలియకపోవడం నేను చేసిన తప్పు.

"మామూలు దినాలల్ల గది నోట్లకు రానియ్యరు బిడ్డా. ఊకె ఏడిస్తే ఇంట్లకెల్లి ఎవలో ఒకలు పోతరంటరు."

అంటే ఏడాదిగా నేను కోదాడలో పసిపిల్లలతో సాయంత్రం సాయంత్రం అత్తారింటికి సాగనంపే ఏడుపు ఏడిపిస్తున్నానన్నమాట. వాళ్ల తల్లులు మెచ్చుకుంటున్నారన్నమాట. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

"ఆరేండ్ల పిల్లను పెండ్లిపిల్ల లెక్క సాగనంపినవా యాడీ?"

"పోయేటిది పోయినట్టే గదా. మల్ల నువ్వు మా పిల్లవై ఎప్పుడొచ్చినవ్? సుట్టమై వచ్చినవ్, సుట్టమై పోయినవ్."

ఈ మాట నన్ను కోసేసింది. అబద్ధం చెప్పి ఏడాది గడిపినదాన్ని నేనే కదా. పిల్లలు చేతులు దించలేదు. నేను ఆపమని చెప్పలేదు కదా, అందుకని అలాగే గాలిని పట్టుకుని ఉన్నారు. వాళ్లను చూస్తుంటే నాకొక సంగతి తట్టింది.

"ఢావ్లో రెండు చేతులతోటి పడతరు గదా? నన్ను ఒక్క చేతితోటే ఎందుకు పట్టినవ్? రెండో చెయ్యి ఎవరికి?"

అమ్మ కుడిచెయ్యి నా మెడ మీదికి వచ్చింది. ఎడమచెయ్యి తనంతట తనే లేచి పక్కకు చాచుకుంది, ఇరవయ్యేళ్ల కిందట బస్సుకాడ లేచినట్టే. కళ్లు మూసుకుంది.

అప్పుడు కుర్చీల సందులోంచి లహరి లేచింది. ఎవరూ పిలవలేదు. నీలం వెలుగులో అడుగులో అడుగు వేసుకుంటూ గదంతా దాటి వచ్చి, అమ్మ ఖాళీ చెయ్యి కింద దూరి, నడుముకు తల ఆనించి నిలబడింది. ఆ చోటు తనకోసమే ఉంచినట్టు నిలబడింది.

అమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. పిల్లను చూసింది. చెయ్యి తీయలేదు. ఊగడం మొదలుపెట్టింది. గొంతులోంచి సన్నగా, పగిలిన రాగం ఒకటి వచ్చింది. పిల్లలు మళ్లీ ఊగారు. వీరేందర్ కూడా నోరు మూసుకొని ఊగాడు. తుంపర అద్దాల మీద జారుతుంటే ఆ నీడలు బండల మీద పాకాయి. ఎంతసేపో తెలియదు. ఆ పాట నాకు అర్థమైనంతవరకు ఇంతే: నా వాకిట్లో ముగ్గు చెరిగిపోయింది, నీ అడుగు ఎక్కడ వెతకను.

"ఐదింటి బస్సు పోతది యాడీ" అన్నాను చివరికి.

"పోనీ."

అర్ధగంటకు ఆమె ఇచ్చిన తీర్పు అదే. నా క్లాసు నాకు దక్కింది.

"నీకన్న ముందు ఒకతె ఉండె" అంది అమ్మ, నా వైపు చూడకుండా. "నువ్వు కడుపుల ఉన్నవ్. కరువు. మీ తాత గేమ్యా మన చెల్కల గొర్రెల మంద కట్టిపిచ్చిండు, ఎరువు కోసం. ఆ మందోళ్ల మొగుడు పెండ్లాలకు పిల్లలు లేరు. ఆమె నా పిల్లను సంకకెత్తుకొని తిరిగేది. మంద లేసిపోయేనాడు మీ తాత, పిల్లను కూడా తీస్కపొమ్మన్నడు. మూడేండ్లది. ఏడిస్తే తండంత తెలుస్తదని నా నోట్ల కొంగు కుక్కిండ్రు. ఏడ్వనియ్యలే."

ఆమె ఊగుతూనే ఉంది.

"నిన్ను పంపిన్నాడు నన్నెవ్వరూ ఆపలే. అప్పుడు ఇద్దరికీ కలిపి ఏడ్చిన. గీ చేతిల నువ్వు. గీ చేతిల అది."

కోపం వచ్చింది నాకు. మా తాత మీద, నోరెత్తని నాన్న మీద, ఇరవై ఏడేళ్లు ఈ సంగతి కడుపులో పెట్టుకున్న అమ్మ మీద. ఆ వెంటనే ఆమె భుజం మీద పడి ఏడవాలనిపించింది. రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఎన్నడూ పోయి సూడలేదా?"

"సూడనీకి రానని మాటిచ్చిన. కోదాడ దిక్కు మనుషులని తెలుసు, ఊరు తెలువదు. నేను ఒక్కటే అడిగిన, పేరు మార్చొద్దని. స్రవంతి అని నేనే పెట్టుకున్న."

కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడల మధ్య వాడకట్టుకు ఇద్దరు స్రవంతులుంటారు. మా బస్సులో ఒక సీటుకు ఒకరు దొరుకుతారు. నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే అమ్మ చెయ్యి కింద ఉన్న ఆరేళ్ల పిల్లను చూశాను. హాజరు పుస్తకంలో ఆ పిల్ల పేరు పక్కన, తల్లి పేరు అన్నచోట, నా చేత్తో నేనే రాసుకున్న పేరు అది.

మెట్ల మీద చప్పుడైంది.

"టీచరమ్మా, జర లేటయింది, ఏమనుకోకు బిడ్డా" అంటూ నాంచారమ్మ లోపలికి వచ్చింది, చేతిలో గోంగూర కట్టలు. ముందు లహరిని చూసింది. "అగో, లేసిందా నా తల్లి, ఆడుతున్నదా" అని ముఖమంతా నవ్వింది. తర్వాత ఆ పిల్లను పట్టుకున్న చెయ్యి చూసింది. ఆ చెయ్యి మీది గాజుల మచ్చలు చూసింది. నుదుటి మీది మూడు చుక్కలు చూసింది. గోంగూర కట్టలు బండల మీద పడ్డాయి.

అమ్మ పాట ఆగింది. నా మెడ మీది చెయ్యి బిగిసింది.

"గీమెకే ఇచ్చిన" అంది తెలుగులో.

నాంచారమ్మ నాలుగు అడుగుల్లో వచ్చి లహరిని లాగి తన చీరలో దాచుకుంది. ఎవరినీ చెయ్యి పట్టి లాగకూడదన్న నా నియమం ఆమెకు గుర్తులేదు.

"రానని మాటిచ్చినవ్ సాలీ."

"నేను నీకోసం రాలే. నా బిడ్డ ఆట సూడనీకి వచ్చిన."

"జల్ది పో. నీకు దండం పెడత. ఇయ్యాల డ్యూటీ లేదని నా బిడ్డ నా ఎంబడి వచ్చింది. కింద బండి పెడుతున్నది. దానికి ఏమీ తెలువదు."

కింద స్కూటీ స్టాండు వేసిన చప్పుడు. తర్వాత మెట్ల మీద అడుగులు, ఒక్కొక్కటే, తొందర లేకుండా. "అమ్మా, లహరి లేసిందా?" అని పైకి వస్తూ అడుగుతున్న గొంతు, ఫోనులో నాకు నచ్చిన గొంతు.

అమ్మ ఎడమచెయ్యి మళ్లీ ఖాళీ అయింది. ఆమె దాన్ని దించలేదు.